పరదా పైన జానెడు సందు

మంగళవారం, డిసెంబర్

రాజమ్మ పోయాక ఇదే మొదటి చలికాలం. కోళ్లకు చలి తగలకూడదని షెడ్డు పరదాలు పైదాకా బిగించి కడుతున్నాను. అయినా పొద్దున రేకుల నుంచి నీళ్లు కారి, కింద పోసిన వరిపొట్టు ముద్దవుతోంది. ఈ రోజూ కొన్ని చచ్చాయి. నిరుడు ఇలా లేదే.

కోదాడ నుంచి వచ్చిన కూతురు చూసి అంది: "నువ్వు పండుకున్నంక అమ్మ లేసి పరదాలు జానెడు దించేది, నాయినా. తడిగాలి బయటికి పోవాలె గదా. నువ్వు లొల్లి చేస్తవని తెల్లారకముందే మల్ల కట్టేది."

తెల్లవారుజామున రాజమ్మ చల్లటి చేతులు తగిలితే విసుక్కునేవాణ్ణి. ఎందుకంత చల్లగా ఉన్నాయని ఒక్కసారీ అడగలేదు.

ఇందాక వెళ్లి పరదాలు జానెడు దించి వచ్చాను. చేతులు ఇంకా వెచ్చబడలేదు. పక్కన విసుక్కునేవాళ్లు లేరు.