మునిరత్నం అన్న చేతిలో ఎండ్రిన్ సీసా

12-3-1984, సోమవారం

ఈ కొండమీది చిరుతల సంగతి మునిరత్నానికి నేర్పింది నేను. పదేళ్లుగా చిరుతల్ని కాపాడతాడన్న పేరు మాత్రం వాడిది. ఫారెస్టు ఆఫీసులో వాడికి కుర్చీ వేస్తారు, నన్ను గడప దగ్గరే నిలబెడతారు.

చిరుత మేకను చంపితే, మిగిలిన కళేబరాన్ని ఆ పూటే కాల్చేయాలి. లేకపోతే మేకలవాడు కసికొద్దీ దానిమీద ఎండ్రిన్ పురుగుమందు పోస్తాడు. మళ్లీ తినడానికి వచ్చిన చిరుత చస్తుంది. నా ఈ మాటనే వాడు ఈరోజు పాకాల మీటింగులో తన మాటగా మైకులో చెప్పాడు. బాగా చెప్పాడు కూడా, అదే నా ఏడుపు. నాకు నలుగురిలో నోరు లేవదు.

వాడు మెడలో దండతో స్టేజీ దిగగానే అడిగాను. "నిన్న మీ అన్న మేకను చిరుత కొట్టిందే, దాన్ని కాల్చినార్రా?"

"సూస్తాలే మామా, నీకెందుకంత కడుపుమంట?" అని నవ్వాడు.

కడుపుమంటే, కాదనను. అయినా నేరుగా కొండకింద చేనికి పోయాను. వాడి అన్న చచ్చిన మేక పక్కన ఎండ్రిన్ సీసా మూత తీస్తున్నాడు.

"మా తమ్ముడు పులుల్ని కాపాడేది మైకులోనే పెద్దాయనా, ఈడ కాదు" అన్నాడు.

వాణ్ని పక్కకు నెట్టి, కిరసనాయిలు పోసి మేకను నేనే కాల్చాను. సీసా మాత్రం వాడు ఇవ్వలేదు. కొండమీద ఆ చిరుతకు రెండు పిల్లలున్నాయి. ఈ వారంలోనే అది ఇంకో మేక కోసం మళ్లీ కిందికి దిగుతుంది.

అన్న దగ్గర ఆ సీసా లాక్కోమని మునిరత్నానికి కబురు పంపాను. శుక్రవారం పొద్దుగూకేలోపల వాడు నాకు తేల్చి చెప్పాలి: అన్న కావాలా, ఆ పిల్లల తల్లి కావాలా?