నిద్రలో నూరిన పండ్లు

హన్మకొండ, 12-8-81

ఏమండీ,

అన్నం, పప్పు మూతపెట్టి ఉంచాను. అత్తమ్మకు మధ్యాహ్నం గోలీ మరవకండి.

పొద్దున చిగుళ్ల రక్తం చూపిద్దామని పండ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. "పండ్లన్నీ అరిగినయమ్మా. నిద్రల నూరుతున్నరు. ఏం ఫికర్ ఉన్నది మనసుల?" అన్నాడు. నాకేం లేదని నవ్వాను. ఇంటికొచ్చి అత్తమ్మను అడిగాను.

"పాప పోయిన కాన్నుంచి నూరుతానే ఉన్నవ్ బిడ్డా. నా కొడుకు రాత్రంతా నీ దవడ పట్టుకొని కూసుంటడు" అన్నది.

రెండేండ్లుగా ఒక్క మాటైనా చెప్పలేదేమండీ?

అందరూ నన్ను గట్టిమనిషి అంటారు. నేనూ నమ్మాను. ములుగు బస్సుకు వెళ్తున్నాను. అమ్మావాళ్ల ఊళ్లో పాపను మట్టిలో పెట్టిన చోట కూర్చుని, ఒక్కసారి ఏడ్చి ఎల్లుండి వస్తాను.

సుగుణ

ఈ రెండు రాత్రులైనా మీరు కంటినిండా నిద్రపోండి.