హైదరాబాద్ విమానం ఎగరని రోజు

తమ్ముడు శ్రీకాంత్‌కు అక్క రజిత దీవెనలు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బాపు దగ్గు తగ్గిందా? నా గురించి దిగులు పడొద్దని ఇద్దరికీ చెప్పు. తగ్గుతోంది, నిజంగానే తగ్గుతోంది. దవడకు తీగలు బిగించారు, నోరు తెరవలేను, అందుకే ఫోన్‌లో మాట్లాడలేక ఉత్తరం రాస్తున్నాను. స్నేహితులను వెంటబెట్టుకుని సూరత్ వస్తానని, నన్ను కొట్టినవాడి కాళ్లు విరగ్గొడతానని మీ బావతో అన్నావట. ముందు ఇదంతా చదువు.

నేను చేరిన విమానాల కంపెనీ కొత్తదని నీకు తెలుసు. మన దేశంలోనే తయారైన చిన్న జెట్లు నడుపుతారు. ఇక్కడి నుంచి నేరుగా హైదరాబాద్‌కు విమానం వేసినప్పుడు, మేముండే గోడాదరాలో మనవాళ్లు ఎంత సంబరపడ్డారో! రైలులో కూర్చుని నడుములు పడిపోయే బాధ తప్పిందన్నారు. మన పక్కూరి నర్సన్న సూరత్ పక్కన జోల్వాలో మగ్గం పని మానేసి, మా దగ్గరే సామాన్లు ఎక్కించే పనిలో చేరాడు. నీలం చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడితే నాకూ గర్వంగానే ఉండేది.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. జనం ఎక్కడానికి లేచాక ఇంజిన్‌లో ఏదో తేడా ఉందని దీపం వెలిగింది. కెప్టెన్ మేడం స్వయంగా బయటికి వచ్చి, ఈ విమానం ఈరోజు ఎగరదని చెప్పింది. ఒక్కసారిగా అరుపులు. "దేశీ డబ్బా" అన్నారు, నీళ్ల సీసాలు విసిరారు. ఒకాయన మాత్రం అరవలేదు. ఇక్కడే కోసాడ్‌లో హోటల్ నడుపుతాడట, మన తెలుగాయనే. నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"చెల్లె, మా నాయిన దవాఖానల ఆఖరి మీదున్నడు. జర ఎట్లన్న పంపియ్యి, నీ కాళ్లు మొక్కుత."

"అన్నా, నా చేతుల లేదే. ఇంకో విమానం కోసం అడుగుతున్నరు."

"ఇంకో విమానం వచ్చేదాంక ఆయన ఉంటడా?"

ఆయన చూపు కెప్టెన్ మేడం మీదికి మళ్లింది. వరుసల కోసం నిలబెట్టే ఇనుప స్తంభాన్ని లాగి పైకెత్తాడు. నేను అడ్డం వెళ్లాను. ఆలోచించి వెళ్లలేదు, కాళ్లే వెళ్లాయి. దెబ్బ దవడ మీద పడింది. నోటినిండా రక్తం, విరిగిన పళ్లు. నేను కింద పడ్డాక, నన్ను చూసి, చూసి కూడా మళ్లీ కొట్టాడు. భుజం మీద.

నర్సన్న తలుపు తోసుకుని వచ్చాడు. వెనుక ఇంకో ఇద్దరు. ఆ స్తంభం లాక్కుని ఆయన్ను నేల మీద పడేశారు. ఆయన చేతులు జోడించినా ఆపలేదు. చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నిజం చెబుతున్నా తమ్ముడూ, ఆ చప్పుడు వింటే నాకు హాయిగా అనిపించింది. ఇంకా కొట్టాలనిపించింది. తర్వాత స్పృహ తప్పింది.

ఆయన తండ్రి ఆ సాయంత్రమే పోయాడు. పోలీసుల కాపలాలో, చేతికి కట్టుతో ఉన్న కొడుకు కొరివి పెట్టలేకపోయాడు. ఇది ఆయన భార్య ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి చెప్పింది. నన్ను బతిమాలడానికి వచ్చిందనుకుని మొహం తిప్పుకున్నాను.

"కేసు వాపస్ తీసుకొమ్మని అడుగుత లేనక్కా. ఆయన చేసింది తప్పే. గని నిన్న మీ గోడాదరోళ్లు మా హోటల్ మీద రాళ్లేసిండ్రు. నూనె మూకుడు ఒరిగి, పనిచేసే ముసలామె కాళ్లు కాలినయ్. ఆమె ఎవలను కొట్టింది?"

ఆమె వెళ్లాక చాలాసేపు ఏడ్చాను. ఏడిస్తే తీగలు కోసుకుపోతాయి, అయినా ఏడ్చాను.

మర్నాడు పోలీసాయన వాంగ్మూలం కోసం వచ్చాడు. కాగితం అడిగి నేనే రాసిచ్చాను. ఆ హోటలాయన నన్ను రెండోసారి ఎలా కొట్టాడో రాశాను. దానికి మాఫీ లేదు. కింద పడి చేతులు జోడించిన మనిషి చెయ్యి నర్సన్న విరగ్గొట్టాడని కూడా రాశాను. పోలీసులు నర్సన్నను తీసుకుపోయారు. నర్సన్న భార్య తలుపు దగ్గరే నిలబడి, "నీకోసం కొట్టిండు. నువ్వే ఆయన మీద రాస్తివా?" అని ఉమ్మేసి పోయింది. మా గల్లీవాళ్లెవరూ నాతో పలకడం లేదు. మీ బావ కూడా మొదట కోపం చేశాడు, ఇప్పుడు గంజి తాగిస్తున్నాడు. విమానానికి నిజంగానే ఇంధనం గొట్టం పగిలిందట, మార్చాక మళ్లీ ఎగురుతోంది. తీగలు విప్పాక నేనూ పనికి వెళ్తాను.

నువ్వు రావాలనుకుంటే అమ్మను తీసుకుని రా. నేను నమలలేను కాబట్టి అంబలికి జొన్నపిండి పట్టించుకుని తెండి. ఇక్కడ దొరికేదానికి ఆ రుచి ఉండదు. బాపుకు, చిన్నమ్మకు నా దండాలు చెప్పు. వాళ్ల దీవెన నాకు కావాలి.

కానీ స్నేహితులతో కర్రలు పట్టుకుని దిగావో, నర్సన్న పేరు రాసిన చేత్తోనే నీ పేరూ రాస్తాను. తమ్ముడివని చూడను.

నీ మేలు కోరే
అక్క రజిత