అవ్వ నూనె రాసిన ఉల్క

అవ్వా,

నువ్వే గెలిచావు. ఒప్పుకోవడానికే ఈ ఉత్తరం.

ఆ ఏడు మన వేరుశనగ చేలో వాన పడలేదు, ఉల్క పడింది. మూడు ముక్కలు ఏరుకొచ్చాను. సైన్సు మాస్టారిని కదా, రెండింటిని దూదిలో చుట్టి బడి బీరువాలో దాచాను. మూడోది నువ్వు లాక్కుని దేవుడి గూట్లో పెట్టి, ప్రతి సోమవారం శనగనూనె రాసేదానివి. పాడుచేస్తున్నావని ఎంత అరిచినా వినలేదు.

"పైనుంచి దిగొచ్చిన సామికి ఒళ్లు ఎండిపోతాండాది. నీకేం తెలుసు పోరా" అన్నావు.

కళ్యాణదుర్గం ఎస్టీడీ బూత్ నుంచి నేను పదిసార్లు ఫోన్ చేయగా, ఉల్కలు పరీక్షించే సారు నిన్న హైదరాబాదు నుంచి వచ్చాడు. గర్వంగా బీరువా తీశాను. నా రాళ్లు రెండూ తుప్పుపట్టి, తాకితే పొడి రాలుతున్నాయి. ఇంటికి తీసుకొచ్చి నీ రాయి చూపించాను. ఆయన గోరంత ముక్క కోశాడు. లోపల రాగిగింజల్లాంటి గుండ్రటి పలుకులు, వాటి మధ్య తళతళలాడే ఇనుప రవ్వలు. కళ్లు తిప్పుకోలేకపోయాను.

"ఇది మన భూమికంటే పాతది. ఇంత బాగా ఎలా కాపాడారు?"

"మా అవ్వ నూనె రాసేది సార్."

"ఆమె పోయి మూడేళ్లన్నారు. నూనె తడి ఇంకా ఆరలేదే?"

నేను రాయి అందుకుని గూటివైపు తిరిగాను. వంటింట్లోంచి అమ్మే చెప్పేసింది.

"వాడే రాస్తాండాడు సార్. ఒక్క సోమవారం కూడా తప్పలేదు."

అది దేవుడు కాదని ఇప్పటికీ అంటాను, అవ్వా.

రేపు సోమవారం. గిన్నెలో నూనె పోసిపెట్టాను.