ఇరవై మూడో ఫిల్ము

మార్చి 4
స్టడీ మొదలైంది. అరవై మంది పిల్లల ముంజేతి ఎక్స్-రేలు. పేర్లు తీసేసి నంబర్లు వేశారు. ముగ్గురు ఎముకల డాక్టర్లం విడివిడిగా చూసి ఏది ఏ రకమో రాయాలి. ఆరు వారాలయ్యాక మళ్ళీ. అదే ఫిల్ముకు అదే మాట అంటామా లేదా అన్నదే పరీక్ష.

మొదటి రకమైతే ఆగి చూడొచ్చు. రెండోదైతే మోచేతి దగ్గర ఎముక జారినట్టు. ఆలస్యం చేయకూడదు.

ఎముకల మీద కాయలు లేచే ఈ జబ్బు వంశపారంపర్యం. నా మణికట్టు దగ్గర రెండున్నాయి. మా అమ్మాయి పిచికకు పదకొండు. రంగూ ముక్కూ వాళ్ళ నాన్నవే. నా నుంచి వచ్చింది ఇదొక్కటే. దాని ఫిల్మూ స్టడీకి ఇచ్చాను.

మార్చి 5
అరవై అయ్యాయి. పిచికది ఏదో గుర్తుపట్టలేకపోయాను. ఎముకలకు పోలికలుండవు కాబోలు.

మార్చి 19
జడ వేసుకోవడానికి చెయ్యి తిరగడం లేదంది పిచిక. తొమ్మిదేళ్ళొచ్చాయి, బద్ధకం అన్నాను.

ఏప్రిల్ 16
రెండో విడత పూర్తి.

ఏప్రిల్ 22
పెద్ద డాక్టరుగారు ఏ నంబరు ఎవరిదో కోడ్ విప్పారు. అరవైలో యాభై ఏడు రెండుసార్లూ ఒకేలా రాశానట. చూపంటే నీదమ్మా అని మెచ్చుకున్నారు.

ఇరవై మూడు: ముగ్గురం, రెండుసార్లూ, రెండో రకం. ఎవరిదా అని చూశాను.

పిచికది. నిరుడు జూన్‌లో తీసింది. పాత ఫైలు తెరిచాను. అదే ఫిల్ము కింద నా చేతిరాత: ‘మొదటి రకం. ఏడాది ఆగుదాం.’

పేరు ఉన్నప్పుడు కనబడలేదు. పేరు తీసేస్తే కనబడింది.

ఏప్రిల్ 23
కొత్త ఎక్స్-రే తీయించాను. ఎముక పూర్తిగా పక్కకు పోయింది. నిరుడు నీ పిల్ల ఫిల్ము నువ్వెందుకు చదివావమ్మా అన్నారు పెద్ద డాక్టరుగారు. ఆపరేషన్ చేసినా చెయ్యి పూర్తిగా తిరగకపోవచ్చట.

ఏప్రిల్ 24
పిచికకు అంతా చెప్పాను. అయితే నాది బద్ధకం కాదుగా అంది. కాదన్నాను. సారీ చెప్పమంది. చెప్పాను. సరేలే అని హోంవర్క్ తీసుకుంది. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

మే 9
ఆపరేషన్ థియేటర్ తలుపుకు ఇవతల కుర్చీలు ఇంత ఇరుకని ఇన్నేళ్ళూ తెలియదు. మూడు గంటలు. పిచిక వాళ్ళ నాన్న నా చెయ్యి వదల్లేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూన్ 27
కట్టు విప్పారు. అరచెయ్యి పైకి తిప్పమన్నాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. చాలా అమ్మా అని అడిగింది.

చాలు అన్నాను.