ఇస్త్రీ చెయ్యని టీషర్టు

చి. గడుగ్గాయికి,

నాన్న ఆశీస్సులతో రాస్తున్నది. మీ అమ్మ మోకాలు తప్ప ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ వేళకి తింటూ, డ్యూటీ అయ్యాక కాస్త కన్ను మూస్తూ క్షేమంగా ఉన్నావనుకుంటున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. మోకాలి సంగతి అడిగావు. నువ్వు చెప్పిన వ్యాయామం పొద్దున పది నిమిషాలు చేస్తుంది, ఆ ఘనకార్యం గురించి వచ్చినవాళ్లందరికీ గంటసేపు చెబుతుంది. నొప్పి మాత్రం తగ్గింది.

ఆసుపత్రి మూసేసే ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారా అని అడిగావు. ఇంకా లేదు. వచ్చే గురువారం అధికారులు వస్తున్నారు. ఊరికున్నది అదొక్కటే, కాబట్టి అందరం ఒకే రకం టీషర్టు వేసుకుని గేటు ముందు నిలబడాలనుకున్నాం. అందుకే మన ఇస్త్రీ షాపు వెనక గది ఇప్పుడు అచ్చు గది అయింది. డ్రాయింగు టీచరు, చట్రానికి బిగించిన, అక్షరాల చోటే ఇంకు దిగే సన్నని గుడ్డ మీద నీలం ఇంకు పోసి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగితే, కింద టీషర్టు మీద ‘మా ఆసుపత్రి ఇక్కడే ఉండాలి’ అని పడుతుంది. రిటైరైన బస్సు డ్రైవరు వాటిని తాళ్ల మీద ఆరేస్తాడు. ఎవరైనా ఆ తాళ్ల కింద దూరితే ఇప్పటికీ నోటితో హారన్ కొడతాడు. ఆరాక నా వంతు. పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో రెండు వైపులా అయిదేసి నిమిషాలు నొక్కితేనే ఇంకు బట్టని పట్టుకుంటుంది. లేకపోతే మొదటి ఉతుక్కే గోవిందా. అసలు పనితనం నాదేనని డ్రైవరు దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఇక నీ మూడో ప్రశ్న. ఇది ఫోన్లోనే చెబుదామనుకున్నాను. నీ గొంతు వినగానే ఫోను అమ్మ చేతికిచ్చేశాను.

నీకు పంపిన టీషర్టు ఒక్క ఉతుక్కే వెలిసిపోయిందని, అక్కడున్న మన ఊరివాళ్లంతా పార్కులో నిలబడిన రోజు నువ్వొక్కదానివే బోసి చొక్కాతో నిలబడ్డావని రాసి, ఎందుకలా అయిందని అడిగావు. ఇంకు సంగతి చూడమని టీచరుకి విడిగా రాశావు. ఆవిడ ఆ ఉత్తరం పట్టుకుని ఆరు టీషర్టులు ఉతికి చూసింది. ఒక్క అక్షరం చెదరలేదు. దాంతో లోపం తన చేతిలోనే ఉందనుకుంది.

“నా చెయ్యి వణుకుతోందేమో అన్నయ్యా. ఇక నేను లాగను” అని రబ్బరు పలక కింద పెట్టేసింది.

రెండు రోజులు పని ఆగిపోయింది. డ్రైవరు ఖాళీ తాళ్ల కింద కూర్చుని పేపరు చదువుకున్నాడు. నేను కుక్కిన పేనులా పడి ఉన్నాను.

తల్లీ, లోపం ఇంకుదీ కాదు, ఆవిడ చేతిదీ కాదు. నీ టీషర్టు నేను ఇస్త్రీ చెయ్యలేదు. మరిచిపోయి కాదు, కావాలనే మానేశాను. ఆరినదాన్ని ఆరినట్టే మడతపెట్టి పంపేశాను. కొత్త బట్ట ఉతక్కుండా తొడగవని నాకు తెలుసు.

నీ ఉద్యోగం పర్మనెంటు కావడానికి ఇంకా రెండు నెలలుంది. మన ఆసుపత్రి మూసెయ్యమన్నదీ, నీకు నర్సు ఉద్యోగం ఇచ్చిందీ ఒకే శాఖ. ఆ టీషర్టుతో నిన్నెవరైనా చూసి పైవాళ్లకి మోస్తే? నువ్వు నోరు తెరిచి అడిగాక పంపననలేను. పంపితే నాకు గుండె దడ. ఉతుకులో పోతే ఎవరి తప్పూ ఉండదనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అచ్చు లేకపోయినా నువ్వు వెళ్లి నిలబడనే నిలబడ్డావు. ముప్ఫై ఏళ్లలో ఒక్క కాలరు వంకరగా మడిచి ఎరగనివాణ్ని, కన్నకూతురి బట్ట దగ్గర దొంగపని చేశాను. నీ ఉత్తరం చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్న పొద్దున టీచరుకి చెప్పేశాను. ఆవిడ కుడిచెయ్యి చాపి, వేళ్లు చూసుకుని, “అయితే వణకట్లేదన్నమాట” అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నా వైపు తిరిగింది.

“భయమేస్తే పంపనని చెప్పాల్సింది. పంపినట్టు పంపి చెరిపెయ్యడమేంటి అన్నయ్యా? పిల్లని ఒక్క మాట అడిగారా?”

“లేదమ్మా” అన్నాను.

ఆవిడ చట్రం ముందుకెళ్లి, నీ సైజుకి ఒకటి అచ్చు వేసి, ఆరాక నా బల్ల మీద పెట్టింది.

ఆ టీషర్టు ఈ ఉత్తరంతో పాటు వస్తోంది. దీన్నీ నేను ఇస్త్రీ చెయ్యలేదు. ఈసారి నీకు చెప్పి మరీ చెయ్యలేదు. ఇంట్లో నిన్ను ఏనాడూ ఇస్త్రీపెట్టె ముట్టుకోనివ్వలేదు కాబట్టి పద్ధతి రాస్తున్నాను. పైన పల్చటి గుడ్డ వెయ్యి. నీళ్లు చల్లకు. రుద్దకు, నొక్కు. అక్షరాలన్నిటికీ వేడి తగిలేలా అయిదు నిమిషాలు, తిరగేసి ఇంకో అయిదు. ఆ తర్వాత బట్ట చిరగాలే గానీ అక్షరం పోదు. వద్దనుకుంటే బకెట్లో నానబెట్టి ఉతికెయ్యి, ఉత్త తెల్ల టీషర్టు మిగులుతుంది. ఏది చేసినా నాకు సంజాయిషీ రాయనక్కర్లేదు. పెట్టె అంచు తగిలితే కాలుతుంది, చెయ్యి జాగ్రత్త.

ఇట్లు,
నిన్ను అడగాల్సిన మాట ఆలస్యంగా అడుగుతున్న
మీ నాన్న