బొగ్దాన్ పేరుకు అర్థం

పెంటన్నా,

అలా పిలిస్తే నీకు కోపమని తెలుసు. నువ్వు చనిపోయి ఈరోజుకు ఏడాది. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి వారమైంది. షుఐబా రిఫైనరీలో నీతో పనిచేసిన పోలండ్ ఇంజినీరు బొగ్దాన్ ఇప్పుడు అబూ హలీఫాలో మా గదిలోనే తలదాచుకుంటున్నాడు.

నిన్న ఆయన పేరుకు అర్థమేమిటని అడిగాను.

"మా భాషలో బోగ్ అంటే దేవుడు. దేవుడిచ్చినవాడని అర్థం. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు, అందుకే అమ్మ అలా పెట్టింది" అన్నాడు.

మనమ్మకూ నీకు ముందు ఇద్దరు దక్కలేదు కదా. దేవుడు మళ్లీ తీసుకుపోకుండా నిన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పారేసిన బిడ్డవని నమ్మించి, పెంటయ్య అని పిలిచారట. అది చెబితే బొగ్దాన్ కళ్లు పెద్దవి చేశాడు.

"మరి మీ దేవుడు నమ్మాడా?"

"నమ్మినాడు సార్. మాయన్న పాస్‌పోర్టులో రాజు అని రాయించుకునేదాకా."